నాటకం అయ్యాక మాట్లాడేవాళ్ళు కావాలి

తెర పడగానే, నటులింకా మేకప్పు తుడుచుకోకముందే, ఎవరో ఒకరు గ్రీన్‌రూమ్‌లోకి వచ్చి "అదరగొట్టేశారండీ!" అంటారు. ఒక శాలువా, ఒక జ్ఞాపిక, గ్రూప్ ఫొటో. మన తెలుగు సంఘాల ఉగాది, దీపావళి వేడుకల్లో నాటిక గురించి నాటిక వేసినవాళ్ళతో జరిగే మాట అంతే. అసలు మాట తర్వాత మొదలవుతుంది. కార్లలో, మర్నాడు వాట్సాప్‌లో, మరో వారానికి ఎవరింట్లోనో భోజనాల దగ్గర. "రెండో సీను సాగదీశారు", "ఆ అబ్బాయికి ఒత్తులు పలకవు", "చివరికి ఏం చెప్పారో అర్థం కాలేదు". ఇవన్నీ పనికొచ్చే మాటలే. వినాల్సినవాళ్ళు మాత్రం అక్కడ ఉండరు. ఔత్సాహిక నాటకానికి డబ్బు లేకపోవడం కంటే, హాలు దొరకకపోవడం కంటే ఇదే పెద్ద చేటు అని నా నమ్మకం.

నేను తెనాలిలో పుట్టి పెరిగాను. మా నాన్న పరిషత్తులు పెట్టే పోటీ నాటకాలకు ప్రాంప్టర్. పక్క తెర వెనక చిన్న బల్ల మీద కూర్చుని, స్క్రిప్టు మీద టార్చిలైటు వేసుకుని, నటుడు తడబడితే మొదటి మాట అందించడం ఆయన పని. ప్రాంప్టర్ గొంతు నటుడికి వినపడాలి, మొదటి వరసలో కూర్చున్నవాళ్ళకు వినపడకూడదు. ఆ పని నేను ఆయన దగ్గరే నేర్చుకున్నాను. ఇప్పుడు న్యూజిలాండ్‌లో, ఆక్లండ్ దక్షిణాన మనురేవాకూ పాపకురాకూ మధ్య ఉన్న టకానినిలో ఉంటున్నాం. ఇక్కడి పెద్ద గురుద్వారా వల్ల ఈ ఊరి పేరు చాలామంది భారతీయులకు తెలుసు. మేం తెలుగువాళ్ళం నాటిక వేసుకున్నప్పుడు పక్క తెర వెనక నేనే కూర్చుంటాను.

ఈ దేశంలో ఒక మంచి అలవాటు ఉంది. చాలా చిన్న ఊళ్ళలోనూ, పెద్ద నగరమైతే చాలా పేటల్లోనూ, సొంతంగా ఒక నాటక సమాజం ఉంటుంది. మాకు దగ్గర్లో పాపకురా థియేటర్ కంపెనీ ఉంది. పకురంగాలో హోవిక్ లిటిల్ థియేటర్, ఒనెహుంగాలో డాల్ఫిన్ థియేటర్, పడమటి కొండల వైపు టిటిరంగి థియేటర్. వీటిలో నటించేవాళ్ళకు జీతం ఉండదు. పగలు బడిలో పాఠాలు చెప్పే ఆవిడ రాత్రికి రాణి అవుతుంది, ప్లంబరు పని చేసే ఆయన శనివారం వచ్చి సెట్టుకు మేకులు కొడతాడు. ఏడాదికి ఒకసారి సభ్యులంతా కూర్చుని లెక్కలు చూసుకుంటారు, కమిటీని ఎన్నుకుంటారు. పాత్రలకు ఆడిషన్ బహిరంగంగా పెడతారు, ఎవరైనా వెళ్ళవచ్చు. టిక్కెట్లు చించేవాళ్ళు, విరామంలో టీ పోసేవాళ్ళు, లైట్లు వేసేవాళ్ళు అందరూ ఊరివాళ్ళే. హాలు చిన్నది కనక చాలాచోట్ల మైకులు ఉండవు. చివరి వరసకు గొంతు అందించడం నటుడి బాధ్యత.

ఈ సమాజాలు ఏటా ఒక పోటీలో కలుస్తాయి. థియేటర్ న్యూజిలాండ్ అనే సంస్థ దేశమంతా ఏకాంక నాటికల ఉత్సవం జరుపుతుంది. మొదట స్థానికంగా, తర్వాత ప్రాంతాల వారీగా, చివరికి జాతీయ స్థాయిలో. ఈ పద్ధతికి మూలం 1930లలో ఇక్కడ వేళ్ళూనిన బ్రిటిష్ డ్రామా లీగ్ పోటీలు. కాలక్షేపాలు పెద్దగా లేని పల్లెల్లో, పాలకేంద్రాల చుట్టూ, గొర్రెల పొలాల మధ్య, రైతు కుటుంబాల ఆడవాళ్ళు ఏకాంకికలు తయారుచేసుకుని ఈ పోటీలకు వెళ్ళేవారు. నాకు అన్నిటికంటే నచ్చింది ఈ ఉత్సవం నడిచే తీరు. నాటికలు అయ్యాక న్యాయనిర్ణేత అందరి ముందూ లేచి, ఒక్కో ప్రదర్శన గురించి మాట్లాడతారు. ఏది నిలబడింది, ఏది జారిపోయింది, ఎందుకు. ప్రేక్షకులు వింటుంటారు, నటులు వింటుంటారు. ఆ తర్వాత ఒక్కో బృందంతో విడిగా కూర్చుని ఇంకా లోతుగా మాట్లాడతారు.

అది వింటే తెనాలివాళ్ళకు కొత్తగా ఏమీ ఉండదు. ఆంధ్ర నాటక కళా పరిషత్తు 1929లో తెనాలిలోనే పుట్టింది. ఆ తర్వాత కోస్తా జిల్లాల్లో, రాయలసీమలో, తెలంగాణలో ఎన్ని పరిషత్తులు వెలిశాయో! ఊరి హైస్కూలు మైదానంలో షామియానా, ముందు వరసలో బల్ల, బల్ల మీద మసక దీపం, ముగ్గురు న్యాయనిర్ణేతలు. రాత్రికి రెండో మూడో నాటికలు. ఉత్తమ ప్రదర్శన, ఉత్తమ రచన, ఉత్తమ దర్శకత్వం మొదలుకుని ఆహార్యం దాకా బహుమతులు. కొన్ని పరిషత్తుల్లో మర్నాడు పొద్దున సమీక్ష ఉండేది. రాత్రంతా మేలుకున్న కళ్ళతో సమాజం వాళ్ళు కూర్చుంటే, న్యాయనిర్ణేతలు ఎదురుగా కూర్చుని చెప్పేవారు. "నువ్వు ఏడ్చావు నాయనా, మేము ఏడవలేదు. ఎందుకో ఆలోచించు." ఇలాంటి మాటలు నేను చిన్నప్పుడు చెవులారా విన్నాను. వాదనలు జరిగేవి. దర్శకులు కోపంతో లేచి వెళ్ళేవారు, టీ తాగి మళ్ళీ వచ్చేవారు. మరో ఊళ్ళో అదే నాటిక వేసినప్పుడు ఆ సీను మారిపోయి ఉండేది. మా నాన్న స్క్రిప్టులో ఎర్ర సిరాతో కొట్టివేతలు చూస్తే ఏ పరిషత్తు తర్వాత ఏ మాట పోయిందో తెలిసేది.

పరిషత్తుల్లో తప్పులు లేవని నేను అనను. ప్రైజుల కోసమే నాటికలు రాయడం మొదలైంది. చివర్లో గుండె పిండే సీను ఒకటి పెడితే బహుమతి ఖాయమన్న లెక్క వచ్చింది. తల్లిదండ్రులను వదిలేసే కొడుకుల కథలు ఎన్ని చూశామో. తీర్పుల మీద అనుమానాలు, అలకలు, పరిషత్తుకో వర్గం. ఇవన్నీ నిజమే. అయినా ప్రదర్శన తర్వాత ప్రదర్శన గురించి మాట్లాడటానికి ఒక చోటు, ఒక సమయం, ఒక మనిషి ఉన్నారన్నది అంతకంటే విలువైన విషయం.

అసలు మన నాటక చరిత్రలో పెద్దపెద్దవాళ్ళు చాలామంది ఔత్సాహికులే. బళ్ళారి రాఘవ వృత్తిరీత్యా వకీలు. కోర్టు పని చేసుకుంటూ నాటకాలు ఆడారు. పద్యం అందుకోగానే రాగాలాపనలోకి వెళ్ళిపోయి, వన్స్ మోర్ అంటే మళ్ళీ పాడే రోజుల్లో, నటన ముఖ్యమని, పద్యం కోసం పాత్రను చంపకూడదని పట్టుబట్టిన మనిషి ఆయన. ఆడపాత్రలు ఆడవాళ్ళే వేయాలని వాళ్ళను ప్రోత్సహించారు. మరోవైపు మా తెనాలి రామవిలాస సభలో స్థానం నరసింహారావు సత్యభామగా, చింతామణిగా, మధురవాణిగా స్త్రీ పాత్రలకే జీవితం ధారపోశారు. ఈ ఇద్దరి దారులూ వేరు. ఏది సరైనదన్న వాదన ఆనాటి పత్రికల్లో, సభల్లో గట్టిగానే నడిచింది. పురాణం సూరిశాస్త్రి 'నాట్యోత్పలం', 'నాట్యాంబుజం' లాంటి పుస్తకాలే రాశారు. నటన గురించి పుస్తకాలకు పుస్తకాలు రాసే విమర్శకుడు వంద ఏళ్ళ కిందటే మనకు ఉన్నాడు.

కన్యాశుల్కం సంగతి చూడండి. 1892లో విజయనగరంలో మొదటిసారి ఆడారు. 1897లో అచ్చయింది. జనం మెచ్చారు. గురజాడ అక్కడితో ఆగి ఉండవచ్చు. 1909లో వచ్చిన రెండో కూర్పు చూస్తే అది దాదాపు కొత్త నాటకం. ఈనాడు మనం మెచ్చుకునే కన్యాశుల్కం ఆ రెండోదే. మెప్పు వచ్చాక కూడా తన నాటకాన్ని తిరగరాయవచ్చని తెలుగువాడికి గురజాడే చూపించారు. మా నాటికల వాళ్ళు "అందరూ బాగుందన్నారు కదా, ఇంకేం మార్చాలి?" అన్నప్పుడల్లా నేను ఈ సంగతే చెబుతాను.

న్యూజిలాండ్ నాటకానికీ పునాది వేసింది జీతం లేనివాళ్ళే. నగాయో మార్ష్ డిటెక్టివ్ నవలలతో ప్రపంచమంతా పేరు తెచ్చుకున్న రచయిత్రి. ఆవిడ మనసు మాత్రం రంగస్థలం మీద ఉండేది. 1943లో క్రైస్ట్‌చర్చ్‌లో యూనివర్సిటీ కాలేజీ విద్యార్థులతో, అప్పటి కాలపు దుస్తుల్లో హామ్లెట్ ఆడించింది. ఆ తర్వాత ఏళ్ళ తరబడి విద్యార్థులతోనే షేక్‌స్పియర్ నాటకాలు చేయించింది. పిల్లలని వదిలిపెట్టలేదు, సైన్యంలో కవాతు చేయించినట్టు రిహార్సల్స్ చేయించింది. మనకు ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో కూర్మా వేణుగోపాలస్వామి ఉన్నారు. వాల్తేరులో విద్యార్థులతో నాటకాలు ఆడించి, ఒక తరం నటులకూ రచయితలకూ దారి చూపారు. ఇద్దరూ కొంచెం అటూ ఇటూగా ఒకే కాలంవాళ్ళు. ఇద్దరూ కుర్రవాళ్ళ దగ్గర తక్కువ పని ఆశించలేదు.

బ్రూస్ మేసన్ అయితే ఇటు నాటక రచయిత, అటు పత్రికలో నాటక విమర్శకుడు. వెలింగ్టన్‌లోని యూనిటీ థియేటర్ అనే ఔత్సాహిక సమాజంలో పనిచేసి పైకొచ్చినవాడు. అతని 'ఎండ్ ఆఫ్ ది గోల్డెన్ వెదర్' 1959లో వచ్చింది. నలభైకి పైగా పాత్రలు, అన్నీ తనే. ఊరూరా తిరిగి, దొరికిన హాల్లో ఆడాడు. తన తోటివాళ్ళ నాటకాలను పత్రికలో తూచే మనిషి, తను స్వయంగా రాత్రి స్టేజీ ఎక్కి జనం ముందు నిలబడేవాడంటే ఆ విమర్శకు ఎంత బరువు ఉంటుందో ఆలోచించండి. తర్వాత రోజర్ హాల్ వచ్చాడు. 1976లో 'గ్లైడ్ టైమ్' అనే నాటకంలో ప్రభుత్వ గుమాస్తాల బతుకును హాస్యంగా చూపించాడు. ఈనాటికీ చిన్న సమాజాలు హాల్ నాటకం వేస్తే హాలు నిండుతుంది. 'గ్లైడ్ టైమ్' చదివితే నాకు ఆత్రేయ నాటకం 'ఎన్.జి.ఓ.' గుర్తొచ్చింది. ఇక్కడ నవ్వు, అక్కడ కన్నీళ్ళు. రెండుచోట్లా ఫైళ్ళ మధ్య నలిగే మనిషే.

మన ఉపఖండం వాళ్ళ నాటకమూ ఇక్కడ ఉంది. జాకబ్ రాజన్, జస్టిన్ లూయిస్‌ల ఇండియన్ ఇంక్ వృత్తి నాటక సంస్థ. 1997లో వాళ్ళ 'కృష్ణన్స్ డెయిరీ' వచ్చింది. ఇక్కడ డెయిరీ అంటే వీధి చివర సరుకుల కొట్టు. ఆ కొట్టు నడిపే భార్యాభర్తలిద్దరి పాత్రలూ మాస్కులు మార్చుకుంటూ రాజన్ ఒక్కడే వేశాడు. 1999లో ఎడిన్‌బరో ఉత్సవంలో ఫ్రింజ్ ఫస్ట్ బహుమతి వచ్చింది. ప్రయాస్ అనే బృందం 2005లో మొదలైంది. ఉద్యోగాలు చేసుకునేవాళ్ళు, చదువుకునేవాళ్ళు కలిసి, మన దేశపు నాటకాలను ఆక్లండ్ ప్రేక్షకులకు ఎక్కువగా ఇంగ్లీషులో చూపిస్తూ వచ్చారు. రోహింటన్ మిస్త్రీ నవల 'ఎ ఫైన్ బ్యాలెన్స్'ను ఆక్లండ్ థియేటర్ కంపెనీతో కలిసి నాటకంగా వేశారు. ఔత్సాహికులు వృత్తి సంస్థ పక్కన భుజం కలిపి నిలబడ్డారు. పత్రికల్లో విమర్శకులు ఆ నాటకాన్ని నాటకంగానే తూచారు, "మనవాళ్ళు పాపం కష్టపడ్డారు" అని జాలిపడలేదు. మనకు కావలసిన గౌరవం అదే.

ఇక మా వేదికల మీదికి వస్తాను. సంఘాల వేడుకల్లో నాటికకు ఇచ్చేది ఇరవై నిమిషాలు. ముందు పిల్లల డ్యాన్సులు, వెనక పాటల పోటీ. హాల్లో బిర్యానీ వాసన, వెనక వరసల్లో కబుర్లు. ఈ గోలలో మాట వినపడదని కొన్ని బృందాలు డైలాగులన్నీ ముందే రికార్డు చేసుకుని వస్తున్నాయి. స్టేజీ మీద పెదవులు కదుపుతారు. ఇది మన ఊళ్ళలోనూ ఉంది, బయటి దేశాల్లో ఇంకా ఎక్కువ. నేను దీన్ని ఒప్పుకోను. రికార్డు వేసిన రోజున నాటకం చచ్చిపోయినట్టే. నటుడి గొంతు ఆ రాత్రి ఆ జనాన్ని చూసి మారాలి. నవ్వు వస్తే ఆగాలి, నిశ్శబ్దం వస్తే తగ్గాలి. రికార్డు ఆగదు, తగ్గదు. ఇంకో సంగతి: రికార్డు ఉన్నచోట నాలాంటి ప్రాంప్టర్‌కు పని లేదు, అది నాకు బాధే. అంతకంటే బాధ, మాట మర్చిపోయి మళ్ళీ పట్టుకున్న నటుడి ముఖంలో కనిపించే ప్రాణం జనానికి దక్కకపోవడం.

మన ఊళ్ళలో మైకు దగ్గర మరో జబ్బు ఉంది. పై నుంచి వేలాడే మైకులు ఎక్కడుంటే నటులంతా అక్కడికి చేరతారు. తండ్రీ కొడుకూ దెబ్బలాడుకుంటారు కానీ ఇద్దరూ జనం వైపే తిరిగి, ఒకే మైకు కింద నిలబడి. ఈ అలవాటు మాతోపాటు విమానం ఎక్కి ఇక్కడికీ వచ్చింది. పాపకురాలో, హోవిక్‌లో నాటకం చూసినప్పుడు ఆ నటులు ఒకరి కళ్ళలోకి ఒకరు చూసుకుంటూ మాట్లాడుతుంటే, మాట చివరి వరస దాకా వస్తుంటే, ఇది నేర్చుకోదగ్గ పని అనిపించింది. దీనికి డబ్బు అక్కర్లేదు. ఊపిరి పట్టడం, మాట చివర మింగకపోవడం, ఇవి సాధన.

ఆడవాళ్ళ సంగతి కూడా చెప్పాలి. పరిషత్తు సమాజాల్లో మగవాళ్ళు ఆ ఊరి ఉద్యోగులు, నటీమణులు మాత్రం వేరే ఊరి నుంచి పారితోషికం మీద వచ్చేవారు. చాలాచోట్ల ఒకటి రెండు రిహార్సల్స్‌కే వచ్చి, పాత్రను నిలబెట్టి వెళ్ళిన గొప్ప నటీమణులు వాళ్ళు. ఊరి ఆడపిల్లను మాత్రం స్టేజీ ఎక్కనిచ్చేవారు కాదు. నేను పక్క తెర దాకా వెళ్ళగలిగాను, తెర ముందుకు రాలేదు. ఇక్కడ మా కోడలు వయసు పిల్లలు ముందుకొచ్చి వేస్తున్నారు, రాస్తున్నారు, దర్శకత్వం చేస్తున్నారు. వాళ్ళకు శాలువా కప్పి పంపేస్తే వాళ్ళ తెలివిని మనం వాడుకోనట్టే.

రచయితల హక్కు గురించి ఒక్క మాట. ఇక్కడ ఏ చిన్న సమాజమైనా నాటకం వేయాలంటే ముందు అనుమతి తీసుకుని, రచయితకు చెల్లించవలసింది చెల్లిస్తుంది. న్యూజిలాండ్ నాటక రచయితల తరఫున ఆ పని చూడటానికి ప్లేమార్కెట్ అనే సంస్థ 1973 నుంచి ఉంది. మన నాటికలు మాత్రం ఫొటోకాపీగా, ఇప్పుడు పీడీఎఫ్‌గా చేతులు మారుతుంటాయి. రచయిత పేరు మొదటి పేజీతోపాటు చిరిగిపోతుంది. ఏదో పల్లెలో ఆ రచయిత బతికే ఉంటారు. ఫోను చేసి అడగండి, వంద డాలర్లు పంపండి. మీ నాటిక వీడియో పంపి, ఎలా ఉందో చెప్పమనండి. ఆయనే మీకు మొదటి విమర్శకుడు.

"వాళ్ళు ఉద్యోగాలు చేసుకుని, పిల్లల్ని పడుకోబెట్టి, రాత్రి పదింటికి రిహార్సల్ చేస్తారు, వాళ్ళని విమర్శించడమేమిటి?" అని నన్ను అడిగినవాళ్ళున్నారు. ఆ కష్టం నాకు తెలుసు, ఆ రిహార్సల్స్‌లో నేనూ ఉన్నాను. అందుకే చెబుతున్నాను. సగం రాత్రి నిద్ర మానుకుని చేసిన పనిని ఒక్క మాటతో "సూపర్" అని పక్కన పెట్టడం ఆ కష్టానికి అవమానం. దాన్ని పూర్తిగా చూసి, గుర్తుపెట్టుకుని, ఎక్కడ పట్టు తప్పిందో చెప్పడం మర్యాద. సెట్టు చిన్నదని, దుస్తులు కుదరలేదని ఎత్తిచూపడం నాకిష్టం లేదు. అది డబ్బు సంగతి. కథలో ఆ మనిషి ఆ పని ఎందుకు చేశాడో అర్థం కాలేదంటే అది ఆలోచన సంగతి, చెప్పాలి. ఇక్కడ పుట్టిన పిల్లవాడికి ళ, ణ పలకకపోతే నవ్వకూడదు. పక్కన కూర్చోబెట్టి, నాలుక ఎక్కడ ఆనాలో చూపించి, పలికేదాకా పలికించాలి. నాటకం పూర్తిగా చూడకుండా ఎవరో ఫోన్లో తీసిన ముక్క చూసి గ్రూపులో రాసే మాటకు మాత్రం నేను విలువ ఇవ్వను.

విమర్శ చెప్పేవాళ్ళకూ అర్హత కావాలి. నాటకం చూసిన అనుభవం ఉండాలి. వీలైతే వేసిన అనుభవమూ ఉండాలి. ఇక్కడి న్యాయనిర్ణేతలు మొదట దర్శకుడు ఏం చెప్పదలిచాడో తమ మాటల్లో చెబుతారు. అది విన్నాక దర్శకుడికి తను చెప్పదలిచింది చేరిందో లేదో తెలిసిపోతుంది, సగం విమర్శ అక్కడే అయిపోతుంది. ఆ తర్వాత వేదిక, వెలుగు, గొంతు, కదలిక. ఎవరి పేరూ పెట్టి చులకన చేయరు, పాత్ర పేరుతోనే మాట్లాడతారు. ఈ పద్ధతి మన సమీక్షలకు తెచ్చుకోవచ్చు.

కాబట్టి సంఘాల కమిటీల్లో ఉన్నవాళ్ళకు నా విన్నపం ఇది. వచ్చే ఉగాదికి నాటిక పెట్టేటప్పుడు దానికి ఇరవై నిమిషాలు కాదు, గంట ఇవ్వండి. రికార్డు వద్దనండి. నాటిక వేరే రోజున, భోజనాలు లేకుండా, చిన్న హాల్లో పెడితే ఇంకా మంచిది. ఊళ్ళో ఉన్న ఏ లిటిల్ థియేటర్ దర్శకుణ్ణో, మన పరిషత్తుల్లో పనిచేసి పిల్లల దగ్గరికి వచ్చి ఉంటున్న ఏ పెద్దాయన్నో ముందు వరసలో కూర్చోబెట్టండి. తెర పడ్డాక పావుగంట ఆయన్ని మాట్లాడనివ్వండి, నటుల్ని జవాబు చెప్పనివ్వండి. ప్రేక్షకులుగా వెళ్ళేవారికి కూడా ఒక మాట: చివరిదాకా కూర్చోండి, ఫోను లోపల పెట్టుకోండి. బయటికి వెళ్ళేముందు ఆ నటుడి దగ్గరికి వెళ్ళి, మీకు నచ్చిన సీను ఒకటి, నచ్చని సీను ఒకటి, ఎందుకో కారణంతో సహా, ఆయనకే చెప్పండి.